అక్క అడిగింది, తీయొద్దు

ఇంటి నుంచి
ఫిబ్రవరి 11

పిచ్చుకా,

చివరి రోజు గురించి అడిగావు. నీ రైలు ఆలస్యమైంది, ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పారు, ఏది నిజమో తెలియడం లేదని రాశావు. జరిగింది ఇది.

మీ అక్క ఐదూ నలభైకి లేచింది. కిటికీ తెర తీయమంది. ఏడింటికి నర్సు వచ్చి మందు మార్చింది. ఎనిమిదింటికి రెండు చెంచాల పాలు తాగింది. మూడోది వద్దంది. కుట్టు గదిలో వంకెకి బూడిదరంగు కోటు ఉందని, మూడో బొత్తాం ఊగుతోందని, తెమ్మని చెప్పింది. తెచ్చాను. సూదిలో దారం ఎక్కించమంది. నాలుగోసారికి ఎక్కింది. "వాల్వులు తిప్పే చేతులు, పాపం," అంది. బొత్తాం సగం కుట్టి, కోటు అలాగే ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

పన్నెండు కావస్తుండగా కళ్లు తెరిచి, "ఏమండీ, కంప్యూటర్ కట్టేశారా?" అంది. ఆ రోజు దాన్ని ఎవరూ తెరవలేదు. మందు మత్తు అనుకున్నాను. కట్టేశానన్నాను. "మంచిది," అంది. అదే ఆఖరి మాట. ఒంటిగంటా పదికి నర్సు ఆమె మణికట్టు పట్టుకుని చూసి, తర్వాత గోడ గడియారం వైపు చూసింది. నువ్వు మూడింటికి వచ్చావు.

ఇంతే. ఎవరైనా ఇంకేదైనా చెప్పి ఉంటే అది వాళ్లు కలిపింది.

మిగతా సగం బొత్తాం నేను కుట్టాను. కోటు ఎవరిదో తెలియదు. ఎవరూ రాలేదు.

ఇంకో సంగతి. మీ ఊరు వద్దామని నిన్న రైలు టిక్కెట్టు కోసం కంప్యూటర్ తెరిచాను. తారీఖు ఎంచుకున్నాను, సీటు ఎంచుకున్నాను. చివరి బటన్ ఎంత నొక్కినా పలకలేదు. నిరుడు మార్చిలో నువ్వు పెట్టిన ప్రకటనల బ్లాకర్ వల్లే అనుకున్నాను. టోపీల ప్రకటనలు విసిగిస్తున్నాయని పెట్టమన్నది నేనే. ఉన్నవాటిలో గట్టిది పెట్టమన్నదీ నేనే. దాన్ని ఆపేసి మళ్లీ తెరిచాను. టిక్కెట్ల పక్కన మంచం వచ్చింది. మా గదిలో ఉన్నలాంటిదే, తల వైపు పైకి లేచేది. "మీ ఆత్మీయులకు హాయిగా" అని కింద రాసి ఉంది. దాని కింద, జుట్టు ఊడిన తలకి మెత్తటి టోపీలు.

ఆమె పోయిందని వాళ్లకింకా తెలియదు.

కంప్యూటర్ ఆపి, వీధి చివరిదాకా నడిచి వచ్చాను. కుదురు చిక్కక మళ్లీ వెళ్లాను. టిక్కెట్టు కొనలేదు.

బ్లాకర్ తీయకుండా టిక్కెట్టు ఎలా కొనాలో రాయి. ఫోన్ చేయకు. ఫోన్లో నాకు మాట రావడం లేదు.

బావ


ఆఫీసు క్యాంటీన్ నుంచి
ఫిబ్రవరి 22

బావా,

నీ ఉత్తరం మొదటిసారి బస్సులో చదివాను. దిగాల్సిన చోట దిగలేదు. రెండోసారి చదివాక ఇక చదవకూడదనుకుని బీరువాలో పెట్టాను. మళ్లీ తీశాను. "వాల్వులు తిప్పే చేతులు, పాపం" దగ్గర నవ్వొచ్చింది, ఏం చెయ్యను. అక్క గొంతు అచ్చంగా వినబడింది.

నా చేతిరాత చూసి నవ్వకు. పెన్ను పట్టి ఎన్నాళ్లయిందో. ఈ ఉత్తరం ఆఫీసు కంప్యూటర్లో రాస్తే నా కుర్చీ కింద నేనే మంట పెట్టుకున్నట్టు. ఏ ప్రకటన ఎవరు చూశారు, ఎంతసేపు చూశారు, చూసి ఎటు వెళ్లారు అని లెక్కపెట్టే కంపెనీలో కూర్చుని, వాటిని ఎలా ఆపాలో బావకి పాఠం చెబుతున్నాను. పగలు తలుపులు తీసే పని, సెలవు రోజుల్లో గొళ్లాలు పెట్టే పని. అక్క ఎప్పుడూ అనేది కదా, "దీనికి ఒక కొమ్మ మీద కాలు నిలవదు, అందుకే పిచ్చుక" అని.

సరే, పాఠం. పేజీ అనేది ఒకచోటి నుంచి రాదు బావా. పది పదిహేను కంపెనీల నుంచి ముక్కలు ముక్కలుగా వచ్చి నీ తెర మీద అతుక్కుంటుంది. కొన్ని ముక్కలు పని చేస్తాయి. కొన్ని నీ వెంటపడతాయి. కొన్ని రెండూ చేస్తాయి, అవే ముదుర్లు. ఏ ముక్కని ఆపాలో చెప్పే జాబితాలు ఉంటాయి. మామూలు వాళ్లకి రెండు చాలు. నువ్వు గట్టిది అన్నావని ఏడు తగిలించాను. అన్ని జాబితాలు కలిస్తే మంచీ చెడూ చూడవు, టిక్కెట్టు బటన్ని కూడా దొంగ అని పట్టుకుంటాయి.

మొత్తం ఆపేయకు. పైన కుడిమూల చిన్న డాలు బొమ్మ ఉంటుంది, నొక్కు. ఆ పేజీకి వచ్చిన ముక్కల పేర్లన్నీ వరసగా కనబడతాయి. ఎర్రవి ఆగినవి. ఒక్క పేరుకి మాత్రం, ఆ ఒక్క పేజీకి మాత్రం దారి వదులు. పేజీ మళ్లీ తెరిచి చూడు. పని చేయలేదా, ఆ దారి మళ్లీ మూసేసి తర్వాతి పేరు. ఓపిక కావాలి. నీకుంది, నాకు లేదు.

మంచం సంగతి. మంచం అద్దెకిచ్చిన కొట్టువాళ్లకి మీ ఇంటి మెయిలు ఇచ్చారు కదా, వాళ్లు ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు. టిక్కెట్ల పేజీలోనూ నీది అదే మెయిలు. ఎవరు వచ్చారో గుర్తుపట్టడానికి అది చాలు. వాళ్లకి మనుషులు పోయారని చెప్పే గడి ఏదీ ఉండదు బావా. మా దగ్గరా లేదు. నిన్న వెతికాను.

అన్నం వేళకి తింటున్నావా? రెండు ముక్కల్లో కాకుండా జవాబు రాయి.

పిచ్చుక


నీళ్ల ప్లాంటు నుంచి
మార్చి 8

పిచ్చుకా,

తింటున్నాను.

టిక్కెట్ల పేజీ పని చేసింది. పదకొండో పేరుకి దారి వదిలితే బటన్ పలికింది. గ్రంథాలయం పేజీలో పుస్తకం గడువు పెంచే చోటు కూడా కదలడం లేదని అప్పుడే గమనించాను. అక్కడ నాలుగో పేరు. మంచం రెండు చోట్లా రాలేదు.

మా పని ఇదే. నీళ్లు వడకట్టే తొట్టిలో ఇసుక మరీ మెత్తగా ఉంటే బురదతో పాటు నీళ్లూ ఆగిపోతాయి. ఊళ్లో పంపులు ఎండితే, వాల్వులు ఒక్కొక్కటే తెరిచి ఎక్కడ బిగుసుకుందో చూస్తాం. అన్నీ ఒకేసారి తెరిచేవాడిని ప్లాంటులో ఉంచరు. నువ్వు ముందే ఈ భాషలో చెప్పాల్సింది.

గ్రంథాలయం పేజీలో ఆగిన పేర్లలో పందొమ్మిదోది మీ కంపెనీ. నేను ఏ పుస్తకం ఉంచుకున్నానో మీకెందుకు?

టిక్కెట్టు ఇంకా కొనలేదు. బటన్ పలుకుతోంది, నాకే కదలబుద్ధి కావడం లేదు. ప్లాంటులో ఉంటే ఇంటికి వెళ్లాలనిపిస్తుంది. ఇంటికొస్తే ప్లాంటు. నిన్న క్లోరిన్ మూడుసార్లు చూశాను. ఒక్కసారి చూస్తే చాలు.

బావ


ఇంటి నుంచి
ఏప్రిల్ 9

పిచ్చుకా,

కోటు మనిషి వచ్చింది. సిటీ బస్సు డ్రైవరు. ఆవిడకి మూడు నెలలు వేరే ఊరి డ్యూటీ పడిందట. నేను తలుపు తీశాను.

"సూదిమొన గారిల్లు ఇదేనాండీ?"

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. ఇల్లు తప్పారన్నాను. ఆవిడ నన్ను తప్పించుకుని లోపలికి తొంగిచూసి, వంకెకి వేలాడే కోటు చూపించింది. "అదిగో నా కోటు. ఇల్లు తప్పడమేంటి?"

తీసి ఇచ్చాను. తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంటూ మూడోదాని దగ్గర ఆగింది. వేలితో తడిమింది.

"ఇది ఆవిడ చేతి పని కాదే."

"సగం ఆవిడదే," అన్నాను.

"మిగతా సగం?"

"నాది."

నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "అయితే నీళ్లాయన మీరేనన్నమాట!" అని నవ్వింది. తర్వాత, "ఆవిడేరీ? ఎప్పుడొస్తారు?" అంది. రారు అన్నాను. ఆవిడకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయింది. మంచినీళ్లిచ్చాను. తాగలేదు.

ఆవిడ చెప్పింది ఇది. చిరిగిన బట్టలు రఫ్ఫు చేయడం నేర్పే పేజీ ఒకటుంది. ఎవరో రిటైరైన టీచరు నడుపుతున్నాడు. పైన పాఠం, కింద కామెంట్లు. మీ అక్క అక్కడ సూదిమొన అనే పేరుతో అందరి సందేహాలకీ జవాబులిచ్చేది. ఒక్క కుట్టు గురించే కాదట. "మీ గురించి ఎంత రాసేవారో. ఇంట్లో వాళ్లకి చెప్పలేనివి కూడా రాసేవారు. అందరూ అడుగుతున్నారండీ, సూదిమొన గారేమయ్యారని. కింద చూడండి, మీకే తెలుస్తుంది."

ముప్ఫై ఒక్క ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. నీళ్లాయన అని నాకో పేరుందని బస్సు డ్రైవరు చెబితే తెలిసింది.

చూశాను. పైన పాఠం ఉంది. కింద తెల్లగా ఉంది. "కామెంట్లు" అని ఒక మాట, దాని కింద ఏమీ లేదు. ఒకసారి బ్లాకర్ మొత్తం ఆపి తెరిచాను. కిందికి జరిపేలోపే పైన మంచం వచ్చింది. మూసేశాను. ఇక అలా తెరవను.

కామెంట్ల ముక్క ఒక్కటే ఎలా వదలాలో చెప్పు. ప్లాంటు కంప్యూటర్లో బయటి పేజీలు రావు. నా ఫోన్ మాట్లాడ్డానికి తప్ప దేనికీ పనికిరాదు. మీ అక్క ఫోన్ గుర్తుగా ఉంచుకుంటానని నువ్వు తీసుకెళ్లావు. దాన్లో చూడగలవా?

బావ


నా గది నుంచి
ఏప్రిల్ 21

బావా,

డ్రైవరమ్మ మంచిదే గానీ మాట జాస్తిలా ఉంది.

అక్క ఫోన్ ఛార్జింగ్ ఎక్కట్లేదు. బాగుచేయించాలి. తీరిక చిక్కడం లేదు.

ఆ పేజీ చాలా పాతది. అలాంటి పేజీల్లో కింది ముక్కలు కుళ్లిపోయి ఉంటాయి, మన వైపు తప్పేం కాదు. పేర్లు ఒక్కొక్కటే చూడు, కానీ రాకపోతే బెంగపెట్టుకోకు. మనుషులు కామెంట్లలో ఏవేవో రాస్తారు. అక్క మాత్రం కుట్టు సంగతులే రాసి ఉంటుంది. ఏ కుట్టు ఎలా వేయాలో నీకెందుకు చెప్పు.

టిక్కెట్టు కొను. ఇక్కడికొచ్చి నాలుగు రోజులుండు. బావగారు వస్తున్నారని పక్కింటివాళ్లకి కూడా చెప్పేశాను.

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. ఇంతే.

పిచ్చుక


నీళ్ల ప్లాంటు నుంచి
మే 10

పిచ్చుకా,

నువ్వు ఎప్పుడూ "ఇంతే" అని రాయవు. అది నా మాట.

రఫ్ఫు పేజీకి ఇరవై మూడు ముక్కలు వస్తున్నాయి. అన్నిటికీ ఒక్కొక్కటిగా దారి వదిలి చూశాను. కామెంట్లు నడిపే కంపెనీ ఏదో కనుక్కున్నాను, ఏడో పేరు. దానికి దారి వదిలినా కింద తెలుపే. తర్వాత ఏడు జాబితాలూ ఒక్కొక్కటిగా తీసి పెట్టాను. తెలుపే. ఏ జాబితాలోనూ లేని అడ్డు ఎక్కడో ఉంది. కుళ్లిన పైపు చప్పుడు వేరు, ఎవరో మూసిన వాల్వు చప్పుడు వేరు. ఇది మూసింది.

పేజీ పైన ఒక నోటీసు పెట్టారు. కామెంట్ల కంపెనీ వచ్చిన వాళ్ల వివరాలు బయటివాళ్లకి అమ్ముతోందని టీచరుకి ఇప్పుడు తెలిసిందట. జూన్ ముప్ఫైన కామెంట్లన్నీ తీసేస్తున్నాడు. పాఠాలుంటాయి, మాటలుండవు. ఆయన చేస్తున్నది సరైన పనే. నేనైనా అదే చేస్తాను. కానీ యాభై రోజులే ఉంది.

డ్రైవరమ్మ ఆదివారం వచ్చింది. నేను ఇంకా చదవలేదని చెబితే నమ్మలేదు. "నీళ్లాయన అంత నిదానమని ఆవిడ రాస్తే హాస్యానికనుకున్నాను," అంది. కామెంట్లలో ఏముందో చెప్పమన్నాను. "మీ ఆవిడ మాటలు నా నోట ఎందుకండీ? మీరే చూసుకోండి," అంది.

ఫోన్ బాగైందా?

బావ


నా గది నుంచి
మే 19

బావా,

వదిలెయ్.

బతిమాలుతున్నాననుకో. నేను నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు, నువ్వు అడిగింది ఎప్పుడూ కాదనలేదు. ఈ ఒక్కదానికీ "సరే పిచ్చుకా" అనేయ్. ముప్ఫయ్యో తారీఖు దాటితే నీకూ నాకూ ఇద్దరికీ తేలిక.

పిచ్చుక


ఇంటి నుంచి
జూన్ 4

పిచ్చుకా,

దొరికింది.

జాబితాల కింద "సొంత నియమాలు" అని ఒక పుట ఉంది. నేనెప్పుడూ తెరవలేదు. దానిలో రెండే వరసలు. రెండోది ఇంగ్లీషు అక్షరాల్లో, రఫ్ఫు పేజీ పేరు, కామెంట్ల కంపెనీ పేరు. ఆ పేజీలో ఆ కంపెనీని ఆపమని అర్థమనుకుంటాను. మొదటిది తెలుగులో ఉంది.

! అక్క అడిగింది. తీయొద్దు.

ముందున్న ఆ గుర్తేమిటి? అరుస్తున్నావా?

అది చూశాక కుట్టు గదిలోకి వెళ్లాను. కుట్టు గదిలోంచి పెరట్లోకి వెళ్లాను. పెరట్లో పంపు బాగానే ఉంది. విప్పి మళ్లీ బిగించాను.

నీకు చెప్పనిది ఒకటి ఉంది. నిరుడు మార్చిలో, బ్లాకర్ పెట్టించడానికి ముందు రోజు. నేను వార్తలు చదువుతున్నాను. మీ అక్క వెనక నిలబడింది. చుట్టూ టోపీల ప్రకటనలు. నేను నవ్వాను. "నువ్వు కుట్టుపని కోసం ఏవో వెతుకుతుంటే వీళ్లు టోపీలు అంటగడుతున్నారు," అన్నాను. ఆమె తెర వైపు చూడలేదు. నా ముఖం చూసింది. నేను తిరిగి ఏమిటన్నాను. "ఏం లేదు, మీరే చూడండి," అంది. చూసి, విసుగ్గా ఉన్నాయని నీకు ఫోన్ చేశాను. జబ్బు సంగతి మూడు వారాల తర్వాత చెప్పింది.

ఈ పదిహేను నెలలూ నేను అడగదలిచింది ఒక్కటే. ఆమె నాకు చూపిస్తోందా? నేను చూడనని గోడ కట్టించానా?

అది ఆ కామెంట్లలో ఉందా?

బావ


నా గది నుంచి
జూన్ 13

బావా,

ఇది అయిదో కాగితం. నాలుగు చింపాను.

ముందు అబద్ధాలు. ఫోన్ బాగానే ఉంది. ఛార్జింగ్ ఎక్కుతుంది. పేజీ కుళ్లిపోలేదు. పక్కింటివాళ్లకి నువ్వొస్తున్నావని చెప్పింది మాత్రం నిజం, రోజూ అడిగి నా ప్రాణం తీస్తున్నారు.

ఆ గుర్తు అరుపు కాదు. అలాంటి నియమాల పుటలో, ఏ వరస ముందు ఆశ్చర్యార్థకం ఉంటుందో ఆ వరసని బ్లాకర్ చదవదు. అది యంత్రానికి కాదు, మనిషికి. తర్వాత చూసేవాళ్లకి రాసి పెట్టుకునే చీటీ. ఏదైనా ఆపినప్పుడు ఎందుకు ఆపామో రాసుకోవాలి, లేకపోతే ఏడాది తర్వాత మనమే మర్చిపోయి తీసేస్తాం. నాకు అలవాటు. తర్వాత చూసేది నేనే అనుకున్నాను. నువ్వు ఆ పుటదాకా వస్తావని కలలో కూడా అనుకోలేదు. వాల్వులు తిప్పే చేతులు, పాపం.

నేను బ్లాకర్ పెట్టి వెళ్లిన మర్నాడు అక్క ఫోన్ చేసింది. నాకు జబ్బు సంగతి అంతకు వారం ముందు చెప్పింది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అంటే నువ్వు "టోపీలు విసిగిస్తున్నాయి, గట్టిది పెట్టు" అన్నప్పుడు అవి ఎందుకొస్తున్నాయో నాకు తెలుసు. తెలిసి నోరు మూసుకుని ఏడు జాబితాలూ తగిలించాను. నీ గోడ కట్టిన మేస్త్రీని నేనే.

ఫోన్లో అక్క, "అది బాగానే పని చేస్తోందే. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది," అంది. తర్వాత, "ఇంకొకటి ఆపగలవా?" అని ఆ రఫ్ఫు పేజీ చెప్పింది. ఎందుకే అన్నాను.

"అక్కడ నేను భయమేసినప్పుడు రాసుకుంటున్నానే. తెలియని వాళ్లు కదా, జాలి చూపించి మళ్లీ కాలరు ఎలా తిప్పి కుట్టాలని అడుగుతారు. హాయిగా ఉంటుంది. ఆయన చూశారంటే ఇక నేను రాయలేను. ఆయన ముఖం గుర్తొస్తుంది."

"నువ్వెలా రాస్తావు మరి?"

"నా ఫోన్ లేదూ. ఇంట్లో కంప్యూటర్లో మాత్రం కనబడొద్దు."

అక్క చేత మీ కంప్యూటర్ తెరిపించి, ఇక్కణ్ణుంచే ఆ రెండు వరసలూ చేర్చాను. అప్పుడు నేను టోపీల సంగతి అడిగాను. ఇది నువ్వడిగిందే, అందుకే అక్క అన్నది అన్నట్టు రాస్తున్నాను, ఒక్క మాట కలపకుండా. "కావాలనే ఆ కంప్యూటర్లో వెతికాను. చూసి అడుగుతారనుకున్నా. నోటితో చెప్పే ధైర్యం లేక. అడిగుంటే చెప్పేసేదాన్ని. టోపీలు అంటగడుతున్నారని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు కోపమొచ్చింది గానీ, ఇవాళ అనిపిస్తోంది, ఇంకొన్నాళ్లు ఇలాగే నవ్వనీ. ఆయన మామూలుగా ఉంటే నేను కూడా మామూలుగా ఉన్నట్టుంటుంది."

అంటే, అవును, చూపించింది. అవును, నువ్వు చూడలేదు. ఆ తర్వాత మూడు వారాలు నువ్వు చూడకపోవడమే ఆమెకి కావాల్సి వచ్చింది. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకోటి దాచలేను. ఇంతకాలం రెండూ దాచాను.

ఎప్పటిదాకా తీయొద్దు అని నేను అడగలేదు. అక్క చెప్పలేదు. ఇద్దరికీ ఆ మాట పలకడం ఇష్టం లేకపోయింది. అందుకే ఏం చేయాలో నాకు తెలియడం లేదు. నీకు చూపిస్తే అక్క మాట పోతుంది. చూపించకపోతే ముప్ఫయ్యో తారీఖున అక్క మాటలన్నీ పోతాయి. నేను వాటిని చదివాను, నాలుగు నెలలుగా రోజూ చదువుతున్నాను. నాకో న్యాయం, నీకో న్యాయం. సిగ్గుగా ఉంది.

ఆ రెండో వరస చెరిపేస్తే చాలు, మంచం రాదు, మాటలు ఒక్కటే వస్తాయి. చెరుపుతావో లేదో నీ ఇష్టం. ఫోన్ పంపమంటే పంపుతాను.

తిట్టాలంటే తిట్టు. కానీ ఉత్తరం రాయి.

పిచ్చుక


ఇంటి నుంచి
జూన్ 27

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. తిట్టడానికి ఏమీ దొరకలేదు. నువ్వు రాసిన నియమం ఒకటి. నేను పెట్టమన్న జాబితాలు ఏడు.

ఫోన్ పంపకు. అది నీకిచ్చింది.

ఈ పది రోజుల్లో ఆ పుట ఎన్నిసార్లు తెరిచి మూశానో లెక్క లేదు. ప్లాంటులో తోటివాళ్లు సెలవు పెట్టమన్నారు. పెట్టలేదు. ఇంట్లో ఉంటే ఇంకా ఎక్కువసార్లు తెరుస్తాను.

అడ్డుపడింది ఒక్కటే. కంప్యూటర్ కట్టేశారా అని అడిగింది. మందు మత్తు అని నీకు రాశాను. మత్తు కాదు. ఆ కామెంట్లు తన గది. దాని తలుపు వేసి ఉందో లేదో చూసుకుంది. నేను కట్టేశానన్నాను, మంచిది అంది. ఆఖరి మాట అది. దాని మీద చెయ్యి వేయడం ఎలా?

నిన్న డ్రైవరమ్మ వచ్చింది. మూడో బొత్తాం ఊడి చేతిలో ఉంది. "సగం గట్టిగానే ఉందండీ, మీ సగమే ఊడింది," అంది. చూశాను. నిజమే. ఆమె వేసిన దారం బట్టకి అలాగే పట్టుకుని ఉంది, నేను వేసింది జారిపోయింది. మళ్లీ కుడతానన్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుంది. సూదిలో దారం రెండోసారికే ఎక్కింది. కుడుతూ, చదవాలో వద్దో తేలడం లేదని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

"ఆవిడ దారం కోసేసి కుడుతున్నారా?" అంది.

"లేదు. దాని మీంచే."

"మరి?" అంది. కోటు తొడుక్కుని, బస్సు టైమైందని వెళ్లిపోయింది.

మీ అక్క భయమేసినప్పుడు నా ముఖం గుర్తురాకూడదనుకుంది. ఇప్పుడు ఆమెకి భయం లేదు. తలుపు వేసింది తను లోపల రాసుకోవడానికి. లోపల ఇప్పుడు ఎవరూ లేరు. ఎల్లుండి దాటితే గది కూడా ఉండదు. నేను చదివితే ఆమె రాయలేకపోవడం అంటూ ఇక లేదు. నేను చదవగలనో లేదో, అదే మిగిలింది. ఆ భాగం నాది.

ఇది నాకు నేను చెప్పుకుంటున్న సాకు కావచ్చు. అయినా చదువుతాను. తప్పయితే నాదే.

జూలై నాలుగుకి టిక్కెట్టు కొన్నాను. పదకొండో పేరు ఇంకా పని చేస్తోంది. పక్కింటివాళ్లకి చెప్పు.

రేపు ఆదివారం. పొద్దున్నే ఆరింటికి కంప్యూటర్ తెరుస్తాను. నీ రెండు వరసల్లో ఏదీ చెరపను. రెండోదాని ముందు కూడా ఆ గుర్తు పెడతాను. అప్పుడది అడ్డు కాదు, చీటీ. ఆమె అడిగింది అక్కడే ఉంటుంది. తర్వాత కుట్టు గదిలోంచి ఆమె కుర్చీ తెచ్చుకుని, మొదటి కామెంటు నుంచి చదువుతాను. సూదిమొన గారేమయ్యారని అడిగిన వాళ్లకి కింద జవాబు రాస్తాను. నీళ్లాయన అని సంతకం పెడతాను.

బావ